బొమ్మ సబ్‌మెరైన్లు, నిజం సబ్‌మెరైన్లు, మలయా సముద్రం

సినిమాలో ఓడ మునుగుతున్నప్పుడు మీరెక్కడ చూస్తారు? అందరూ ఓడకేసి చూస్తారు. నేను మాత్రం నీటి చుక్కలకేసి చూస్తాను. మా ఆవిడకి ఇది మహా చిరాకు. హీరో చచ్చిపోతుంటే "ఆ చుక్క చూడు, ఎంతుందో" అంటాడేంటి ఈ మనిషి అని.

కానీ అసలు గుట్టంతా ఆ చుక్కలోనే ఉంది. చిన్నప్పుడు వానాకాలంలో వీధి కాలవలో కాగితప్పడవలు వదిలేవాళ్ళం కదా. ఆ పడవ పక్కన ఒక్క చినుకు పడితే ఎలా ఉండేది? పడవలో వాళ్ళకి అది బాంబు. పడవని ఎంతకైనా కుదించొచ్చు, నీటిని కుదించలేం. నిజం ఓడని ఇరవై అయిదో వంతుకి తగ్గించి బొమ్మ చేశామనుకోండి, డెక్కు మీద మనిషి ఏడు సెంటీమీటర్లకి కొంచెం తక్కువ ఉంటాడు. అయిదు మిల్లీమీటర్ల నీటి చుక్క మాత్రం అయిదు మిల్లీమీటర్లే ఉంటుంది. తెర మీద చూసేవాడి కంటికి అది పన్నెండు సెంటీమీటర్ల చుక్క, అంటే ఇంచుమించు ఓ కొబ్బరికాయ. కళ్ళు దీన్ని లెక్కగట్టవు గానీ, "ఎక్కడో తేడా కొడుతోంది" అని మాత్రం పసిగడతాయి.

రెండో చిక్కు కాలం. ఇరవై అయిదో వంతు ఎత్తు నుంచి పడే నీరు, నిజం కెరటం కిందికి రావడానికి పట్టే సమయంలో అయిదో వంతుకే పడిపోతుంది (వర్గమూలం లెక్క, ఇంటర్మీడియెట్ ఫిజిక్సే). అందుకని సెకనుకి 24 ఫ్రేములకి బదులు 120 ఫ్రేములు తీసి, మామూలు వేగంతో వేసి చూపించాలి. అప్పుడే నీటికి బరువొస్తుంది. పాత సినిమాల్లో ఓడలు బాత్‌టబ్బులో బాతుల్లా ఎగరడానికి కారణం చాలాసార్లు ఇదే. బొమ్మ బాగానే చేసుంటారు, కెమెరా చాలినంత వేగంగా తిరిగుండదు.

చుక్కకి మాత్రం కెమెరాతో మందు లేదు. మందు ఒక్కటే, బొమ్మని పెద్దది చెయ్యడం. 1981లో జర్మన్లు 'దాస్ బూట్' తీసినప్పుడు 67 మీటర్ల సబ్‌మెరైన్‌కి దాదాపు పదకొండు మీటర్ల బొమ్మ కట్టారు. బొమ్మ అనడానికే నోరు రాదు, మన ఆర్టీసీ బస్సంత! 1954లో డిస్నీ వాళ్ళు 'ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ' తీస్తున్నప్పుడు ఇంకో తమాషా జరిగింది. కొత్తగా వచ్చిన సినిమాస్కోప్ లెన్సులకి కరువు. బొమ్మలు తీసే యూనిట్‌కి లెన్సు దొరక్క, నాటిలస్ బొమ్మనే పక్కల నుంచి నొక్కేసినట్టు సన్నగా చేసి, మామూలు లెన్సుతో తీశారు. థియేటర్లో సాగదీసి వేసేసరికి సరిగ్గా కుదిరింది. హార్డ్‌వేర్ దొరక్కపోతే డేటానే మార్చి పంపడం అన్నమాట. మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఈ కిటుకు వివరించి చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఓడల కన్నా సబ్‌మెరైన్‌కి ఒక అదృష్టం ఉంది. పూర్తిగా మునిగాక నీటికి పై తలమే కనపడదు. కెరటం లేదు, నురగ లేదు, చుక్క లేదు. అలాంటప్పుడు నీళ్ళెందుకు? హాలంతా పొగ నింపి, బొమ్మని తీగల మీద వేలాడదీసి, పైనుంచి నీలి వెలుగు వేస్తే చాలు. 'ద హంట్ ఫర్ రెడ్ అక్టోబర్' (1990)లో సముద్రగర్భం చాలావరకు ఇలాంటి పొగే. ఒక్క చుక్క నీరు లేకుండా రెండు దేశాల సబ్‌మెరైన్లు తరుముకుంటాయి.

మన 'ఘాజీ' 2017లో వచ్చేసరికి బొమ్మల కాలం దాటిపోయింది. సంకల్ప్ రెడ్డి సబ్‌మెరైన్ లోపలి భాగాన్ని సెట్ వేసి, బయటి సముద్రాన్ని చాలావరకు కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో చేయించాడు. నాకు ఆ సినిమాలో సెట్టే నచ్చింది. వైజాగు బీచిలో కుర్సురా ఎక్కినవాళ్ళకి తెలుసు, భుజాలు రెండూ ఒకేసారి పట్టని ఆ సందులు. ఇక్కడ మలక్కా దగ్గర క్లెబాంగ్‌లో కూడా ఒకటుంది, ఫ్రెంచి వాళ్ళ 'ఊయెస్సాఁ'. మలేసియా నేవీ కుర్రాళ్ళు సబ్‌మెరైన్ నడపడం దాని మీదే నేర్చుకున్నారు. 2011లో తెచ్చి ఒడ్డున పెట్టారు. లోపలికెళ్తే అదే ఇరుకు.

సరే, మలక్కా దాకా వచ్చాం కాబట్టి అసలు కథలోకి వస్తాను. ఈ దేశపు సముద్రం మీద జరిగిన ఒక పెద్ద యుద్ధాన్ని, జరిగి ఏడాది తిరక్కుండానే, బొమ్మలతో సినిమా తీసేశారు. తీసింది ఇక్కడ కాదు, టోక్యోలో.

1941 డిసెంబర్ 8న జపాన్ సైన్యం కోట భారు దగ్గర దిగింది. వాళ్ళని అడ్డుకోవడానికి సింగపూర్ నుంచి బ్రిటిష్ వాళ్ళు రెండు మహా యుద్ధనౌకల్ని పంపించారు: సరికొత్త 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్', పాత 'రిపల్స్'. వీటిని ముందుగా కనిపెట్టింది ఏమిటనుకున్నారు? ఒక సబ్‌మెరైన్. 9వ తేదీ మధ్యాహ్నం జపాన్ వాళ్ళ ఐ-65 పెరిస్కోపులో ఈ నౌకలు పడ్డాయి. ఆ కబురు వైర్‌లెస్‌లో పైవాళ్ళకి ఆలస్యంగా అందింది. ఆ రాత్రే ఐ-58 అనే ఇంకో సబ్‌మెరైన్ దగ్గరదాకా వచ్చి అయిదు టార్పెడోలు వదిలింది. అయిదూ గురి తప్పాయి. మర్నాడు పొద్దున సైగాన్ వైపు స్థావరాల నుంచి ఎనభైకి పైగా విమానాలు లేచాయి. మధ్యాహ్నం ఒకటిన్నర అయ్యేలోపు రెండు నౌకలూ క్వాంటన్‌కి తూర్పున సముద్రం అడుగున ఉన్నాయి. అడ్మిరల్ ఫిలిప్స్‌తో సహా 840 మంది పోయారు. జపాన్ వైపు కూలిన విమానాలు మూడో నాలుగో. సముద్రం మధ్యలో స్వేచ్ఛగా కదులుతూ, ఎదురుకాల్పులు జరుపుతున్న పెద్ద యుద్ధనౌకల్ని కేవలం విమానాలు ముంచెయ్యడం అదే మొదలు.

ఏడాది తిరుగుతుండగా, 1942 డిసెంబర్ 3న తోహో కంపెనీ సినిమా విడుదలైంది. పేరు 'హవాయి-మలయా సముద్ర యుద్ధం'. దర్శకుడు కజిరో యమమోతో. బొమ్మల పని చేసింది ఎయిజి త్సుబురాయా. అవును, తర్వాత పన్నెండేళ్ళకి 'గాడ్జిల్లా'ని తెర మీదకి తెచ్చిన మనిషే. చిన్నప్పుడు పైలట్ అవుదామనుకున్నాడు, 'కింగ్ కాంగ్' చూసి ట్రిక్ ఫొటోగ్రఫీ పిచ్చిలో పడ్డాడు.

సినిమా తియ్యమన్నది జపాన్ నేవీ. కానీ నౌకల వివరాలు ఇవ్వమంటే మాత్రం ఇవ్వనంది, రహస్యమట. (క్లయింట్ రిక్వైర్‌మెంట్స్ ఇవ్వడు, డెడ్‌లైన్ మాత్రం ఇస్తాడు. ఇది 1942 నుంచీ ఉన్న ఆచారమే.) చేసేది లేక, కళా దర్శకుడు అకిరా వతనాబే బృందం పత్రికల్లో వచ్చిన పెర్ల్ హార్బర్ ఫొటోలు ముందేసుకుని కొలతలు అంచనా కట్టింది. ఫొటోలో దేన్ని బట్టి దేని పొడవు తేలుతుందో లెక్కలు వేసుకుంటూ రేవుని రేవులాగే స్టూడియో ఆరుబయట కట్టేశారు. విమానవాహక నౌక సెట్టుకైతే ఇంకా అన్యాయం. సొంత దేశపు నౌకని చూపించకూడదు కాబట్టి, శత్రువైన అమెరికా వాడి నౌకల బొమ్మలు చూసి కట్టారని చెబుతారు.

రామాయణంలో పిడకల వేటలా ఉంటుందేమో గానీ, ఇది చెప్పకుండా ముందుకెళ్ళలేను. ఆకాశం నుంచి చూస్తే సముద్రం ఎలా ఉంటుంది? ముడతలు పడి, కదలకుండా, గట్టిపడినట్టుంటుంది. తొట్టిలో నీళ్ళు పోస్తే అలా ఉండదు. అందుకని త్సుబురాయా బృందం వాడిన కిటుకుల్లో ఒకటి, సముద్రాన్ని అగర్‌తో పోత పొయ్యడం. అదే, మన వంటింట్లో చైనా గ్రాస్ అంటామే, ఆ నాచు జెల్లీ. అగర్-అగర్ అన్న మాటే మలయ్ మాట. ఇక్కడ ఏ ఇంటికి వెళ్ళినా పండక్కి రంగురంగుల అగర్-అగర్ ముక్కలు పెడతారు. ఆకుపచ్చ ముక్క చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు దాని మీద ఒక చిన్న ఓడ కనపడుతుంది. తింటాననుకోండి.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది, ఆ ఏటి ఉత్తమ చిత్రమన్నారు. యుద్ధం ఓడిపోయాక ఆ రీళ్ళు చూసిన అమెరికా వాళ్ళు అవి నిజంగా పెర్ల్ హార్బర్ మీద తీసినవే అనుకున్నారని ఒక కథ చెప్పుకుంటారు. అది కథే కావచ్చు. కానీ ఈ కిందివి కథలు కావు. ఆక్రమణ ప్రభుత్వం హయాంలో, యుద్ధ సినిమాలకి పనిచేసిన పాపానికి త్సుబురాయా 1948లో తోహో నుంచి బయటికి రావలసి వచ్చింది. 1953లో తోహో వాళ్ళు తీసిన 'ఈగిల్ ఆఫ్ ద పసిఫిక్'లో 1942 నాటి షాట్లు మళ్ళీ దర్శనమిచ్చాయి. 1960లో ఆయనే కొత్త బొమ్మలతో తీసిన పసిఫిక్ యుద్ధం సినిమాలోంచి ముక్కలు తీసుకుని, 1976లో హాలీవుడ్ వాళ్ళు తమ 'మిడ్‌వే'లో అతికించుకున్నారు. ఓడినవాడి బొమ్మలు గెలిచినవాడి చరిత్రలోకి ఎక్కాయి. మనలో చాలామందికి ఆ యుద్ధం అనగానే కళ్ళ ముందు కదిలేది ఏదో ఒక తొట్టిలో తీసిన నీళ్ళే.

ఆ తొట్టిలో లేనివాళ్ళ సంగతేమిటి?

అప్పటికి మలయాలో కొబ్బరితోటల్లో, రబ్బరుతోటల్లో వేలమంది తెలుగువాళ్ళున్నారు. లోయర్ పేరాక్‌లో బాగన్ దాతో వైపు వెళ్తే ఆ కుటుంబాల మనవలూ మునిమనవలూ ఇప్పటికీ మనతో తెలుగులో మాట్లాడతారు, 'ళ' దగ్గర కాస్త తడబడినా. క్వాంటన్ దగ్గర ఆ రెండు నౌకలూ మునిగిన రోజే వాళ్ళ తలరాత మారిపోయింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. తోటల దొరలు పోయారు, జీతాలు పోయాయి, తర్వాత సయాం-బర్మా రైలు మార్గానికి మనుషుల్ని లారీల్లో తోలుకుపోయారు. పోయిన తమిళ, తెలుగు కూలీలు పదుల వేలల్లో తిరిగి రాలేదు. తెల్లవాళ్ళ యుద్ధఖైదీల మీద 'బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' వచ్చింది. వీళ్ళకి బొమ్మ కూడా లేదు.

ఇటు మన తీరానికీ అదే సముద్రం నుంచి సెగ తగిలింది. 1942 ఏప్రిల్ 6న వైజాగు మీదా కాకినాడ మీదా బాంబులు వేసింది 'ర్యూజో' అనే నౌక మీది విమానాలు. దాన్ని నడిపిన దళం పేరే 'మలయా దళం'. మూడు రోజుల్లో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచేసింది. వైజాగు పెద్దవాళ్ళు "బాంబులప్పుడు" అని ఒక కాలాన్ని గుర్తుపెట్టుకుంది దీని వల్లే.

బొమ్మలు ఇంత బతికాయి కదా, మరి నిజం ఓడలో? ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ రెండూ ఇంకా అక్కడే, 50-70 మీటర్ల లోతులో ఉన్నాయి. ఉన్నాయి అనడం కన్నా మిగిలినంత ఉన్నాయి అనాలి. పాత ఇనుము దొంగలు వాటి మీద ఏళ్ళ తరబడి పడ్డారు. వచ్చే దొంగలు తీసుకుపోకుండా ప్రిన్స్ ఆఫ్ వేల్స్ గంటని 2002లోనే పైకి తెచ్చి బ్రిటన్‌లో మ్యూజియంలో పెట్టారు. 2023 మే నెలలో 'చువాన్ హాంగ్ 68' అనే ఓడని జొహోర్ దగ్గర మలేసియా అధికారులు పట్టుకుంటే, అందులో తుప్పు పట్టిన పాత ఫిరంగి గుళ్ళు దొరికాయి.

సబ్‌మెరైన్ల గతి ఇంకా ఘోరం. అదే 1941 డిసెంబర్‌లో టియోమాన్ దీవి వైపు నీళ్ళల్లో జపాన్ మైన్లు తగిలి రెండు డచ్చి సబ్‌మెరైన్లు పోయాయి: ఓ-16, కె-17. ఓ-16లో 42 మంది ఉంటే ఒక్కడు ఈదుకుంటూ ఒక దీవికి చేరి బతికాడు. కె-17లో 36 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఎన్నో ఏళ్ళకి డైవర్లు వాటిని కనుక్కున్నారు, కుటుంబాలకి కబురు చేరింది, అక్కడికొచ్చి పూలు వదిలారు. 2019లో డచ్చి, మలేసియా నిపుణులు వెళ్ళి పరిశీలిస్తే రెండూ దాదాపుగా లేవు. 77 మంది సమాధి తూకానికి అమ్ముడుపోయింది. 'దాస్ బూట్' కోసం కట్టినవాటిని జర్మనీలో స్టూడియో వాళ్ళు టికెట్టు పెట్టి చూపిస్తున్నారు. నాకు ఈ రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నోట మాట రాదు.

త్సుబురాయా తర్వాత సబ్‌మెరైన్ల మీద కూడా చెయ్యి వేశాడు. 1959లో 'సబ్‌మెరైన్ ఐ-57 లొంగదు' అని ఒక సినిమా. యుద్ధం ఆఖర్లో ఒక విదేశీ దౌత్యవేత్తని రహస్యంగా కెనరీ దీవులకి చేర్చమని ఒక సబ్‌మెరైన్‌కి ఆజ్ఞ. నీటి మీద నడిచే షాట్లకి నిజం సబ్‌మెరైన్‌నే వాడారు, అయితే అది జపాన్ వాళ్ళకి యుద్ధం తర్వాత అమెరికా ఇచ్చిన 'మింగో'. మునిగితే బొమ్మ, తేలితే అమెరికా వాడిది! (మన ఘాజీ కూడా అంతేలెండి, అసలు పేరు యుఎస్ఎస్ డయాబ్లో.) కథ కల్పితమే గానీ, ఒక పెద్దమనిషిని సబ్‌మెరైన్లో ఖండాలు దాటించడం కల్పన కాదు. ఆ పని చేసిన సబ్‌మెరైన్ బయల్దేరింది మలేసియా నుంచే. పెనాంగ్ రేవు నుంచి.

ఇప్పుడు పెనాంగ్ అంటే చార్ క్వే టియావ్, ఫెర్రీ, పాత వీధుల గోడల మీద బొమ్మలు. 1942 నుంచి అది జపాన్ సబ్‌మెరైన్ల స్థావరం. 1943 నుంచి జర్మన్ యు-బోట్లు కూడా వచ్చి ఆగేవి. 1943 ఏప్రిల్‌లో అక్కణ్ణుంచి ఐ-29 బయల్దేరింది, కడుపులో రెండు టన్నుల బంగారంతో. ఏప్రిల్ 28న మడగాస్కర్ దగ్గర అది జర్మన్ యు-180ని కలుసుకుంది. ఎగసిపడుతున్న సముద్రంలో రబ్బరు పడవ మీద ఇద్దరు మనుషులు ఇటునుంచి అటు మారారు. ఒకరు సుభాష్ చంద్రబోస్. రెండోవారు ఆబిద్ హసన్, మన హైదరాబాదీ. "జైహింద్" అన్న మాట ఆయన ఇచ్చిందే అంటారు. శ్యామ్ బెనెగల్ 2005లో తీసిన నేతాజీ సినిమాలో ఈ ప్రయాణం ఉంది. హైదరాబాదులో ఇన్ని స్టూడియోలుండి, ఇంత గ్రాఫిక్స్ పనుండి, ఆబిద్ హసన్ వైపు నుంచి చెప్పిన ఒక్క తెలుగు సినిమా లేకపోవడం నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

అంతకన్నా చిన్న కథ ఇంకొకటుంది, అదీ పెనాంగ్‌దే. అక్కడ ఎన్. రాఘవన్ ఆధ్వర్యంలో ఇండియన్ స్వరాజ్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటి నడిచేది. మలయాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనదేశపు కుర్రాళ్ళకి గూఢచర్యం నేర్పి ఇండియాకి పంపేవారు. 1942 సెప్టెంబర్‌లో కొందర్ని జపాన్ సబ్‌మెరైన్ ఎక్కించారు. వాళ్ళలో వక్కం అబ్దుల్ ఖాదర్ ఉన్నాడు, ట్రావన్‌కోర్ కుర్రాడు. సెప్టెంబర్ 27 రాత్రి మలబారు తీరాన తానూర్ దగ్గర రబ్బరు పడవలో దిగారు. దిగిన కాసేపటికే పట్టుబడ్డారు. ఏడాది తిరిగేసరికి, 1943 సెప్టెంబర్ 10న, మద్రాసు జైల్లో ఖాదర్‌తో పాటు అనంతన్, సత్యేంద్ర చంద్ర బర్దన్, ఫౌజా సింగ్‌లని ఉరి తీశారు. నలుగురూ నాలుగు రకాల పేర్లు, గమనించండి.

అప్పటి జపాన్ పెద్ద సబ్‌మెరైన్లు దాదాపు వంద మీటర్లుండేవి. పదహారో వంతుకి కుదిస్తే ఆరు మీటర్ల చిల్లర, ఒక చెరువులో పట్టేస్తుంది. పదహారుకి వర్గమూలం నాలుగు కాబట్టి సెకనుకి 96 ఫ్రేములు చాలు. పైగా ఆ సీనులో టార్పెడోలు లేవు, పేలుళ్ళు లేవు, లేచే నీటి స్తంభాలు లేవు, కాబట్టి చుక్కల బాధ లేదు. రాత్రి, లైట్లార్పేసిన ఒక నల్లటి వీపు నీళ్ళలోంచి మెల్లగా పైకొస్తుంది. రబ్బరు పడవ దింపుతారు. కుర్రాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అందులోకి దిగి, తీరం వైపు తెడ్లు వేసుకుంటూ వెళ్తారు. వాళ్ళు ఒడ్డు చేరేలోపే సబ్‌మెరైన్ మళ్ళీ మునిగిపోతుంది.